ఇద్దరు అంజలమ్మలకు ఒకటే జవాబు

బడిలో చేర్చుకునే రోజు టీచరు, ఇంట్లో నిన్ను చూసుకునేది ఎవరని అడిగింది. కళైసెల్వి "అంజలమ్మ" అంది. ఇంకా ఎవరున్నారంటే మళ్ళీ "అంజలమ్మ" అంది. పిల్లకు ప్రశ్న అర్థం కాలేదనుకుని టీచరు ఆ పేరు ఒకసారే రాసుకుంది. కాని పిల్ల చెప్పింది నిజమే. తల్లి పురిట్లోనే పోయింది. తండ్రి లారీల మీద తిరిగేవాడు. ఆమెను పెంచింది ఇద్దరు అత్తలు. ఇద్దరి పేరూ అంజలమ్మే.

ఆ ఊళ్ళో అది వింత కాదు. తమిళనాడులో, మదురై దగ్గరి తిరుమంగళానికి పడమట, బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడిస్తే వస్తుంది ఆ ఊరు. తెలుగు ఇళ్ళు ఎనభై దాకా ఉంటాయి. మొదటి మనవరాలికి నానమ్మ పేరు, మొదటి మనవడికి తాత పేరు పెట్టడం అక్కడ ఆనవాయితీ. కళైసెల్వి తాతకూ ఆయన అన్నకూ తొలిచూలు ఆడపిల్లలే పుట్టారు కనుక ఇద్దరికీ ఒకే నానమ్మ పేరు పడింది. పెళ్ళిళ్ళు కూడా ఊళ్ళోనే, మేనరికాలు. మొగుళ్ళిద్దరూ తమ తాత పేరు మోస్తున్నవాళ్ళు కావడంతో ఇద్దరూ కృష్ణన్‌లే. పుట్టిన తేదీలు ఎవరికీ తెలియవు. మందుల కార్డులు రాయడానికి వచ్చిన గుమాస్తా ఆ వీధిలో పెద్దవాళ్ళందరికీ జనవరి ఒకటి వేసి, మొహం చూసి సంవత్సరం వేశాడు. వీళ్ళిద్దరికీ ఒకే ఏడు పడింది.

ఊరికి దానివల్ల ఏ ఇబ్బందీ లేకపోయింది. ఇంటి పక్కన బావి ఉన్నామె బాయి అంజలమ్మ, పత్తి మిల్లులో పనిచేసినామె మిల్లు అంజలమ్మ. కళైసెల్వికి బాయత్త, మిల్లత్త. బాయత్త తండ్రికి తోడబుట్టినది, మిల్లత్త తండ్రికి పెదనాన్న కూతురు. ఆ తేడా ఒకటుందని కళైసెల్వికి పదేళ్ళు వచ్చేదాకా తెలియదు. ఆకలైతే ఏ పొయ్యి దగ్గర పొగ కనిపిస్తే అక్కడికి వెళ్ళేది.

బాయత్త మాటకారి. వీధి చివర ఎవరు తుమ్మినా ఎందుకు తుమ్మారో చెప్పగలదు. ఒక్క కొడుకు, అవినాశి అనే ఊరి దగ్గర బనియన్ కంపెనీలో కటింగ్ మాస్టరు. మిల్లత్తకు పిల్లలు లేరు, మొగుడు చిన్నతనంలోనే పోయాడు. పద్నాలుగో ఏట మిల్లులో చేరి నలభై ఏళ్ళు పత్తి దూది మధ్య నిలబడింది. ఆ దూది ఛాతీలోకి దిగింది. నాలుగు మెట్లెక్కితే ఊపిరి ఈలలా వచ్చేది. వేళ్ళ మీద గీతలు అరిగిపోయి ఏ మిషనూ ఆమె వేలిముద్ర పట్టేది కాదు. కార్డుకు ఆధార్ జతచెయ్యడానికి మూడుసార్లు వెళ్ళి మూడుసార్లూ తిరిగొచ్చింది. బాయత్త అసలు వెళ్ళనేలేదు. కళైసెల్వి ప్లస్ టూ చదివిన రెండేళ్ళూ, దారి నిర్మానుష్యంగా ఉంటుందని, మిల్లత్త తెల్లవారకముందే లేచి ఆమెను బస్సు దాకా నడిపించి వచ్చేది. తిరిగి వచ్చేటప్పుడు మధ్యలో రెండుసార్లు కూర్చోవలసి వచ్చేదని కళైసెల్వికి చాలా కాలం తరువాత తెలిసింది.

కళైసెల్వి మదురైలో ఇంజనీరింగ్ చదివి కోయంబత్తూరు వెళ్ళింది. అవినాశి రోడ్డు పక్కన రెండో అంతస్తులో యాభైమంది పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ. దాన్ని నడిపే గణేశన్‌ది మేట్టుపాళయం, వక్కల వ్యాపారం చేసిన తెలుగు కుటుంబం. ఆఫీసులో తమిళం, ఇంగ్లీషు. ఎవరూ లేనప్పుడు మాత్రం వాళ్ళిద్దరూ ఇంటి మాటలో మాట్లాడుకునేవాళ్ళు. చదవడం రాయడం ఇద్దరికీ తమిళంలోనే. తెలుగులో తన పేరు ఎలా ఉంటుందో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

నాలుగేళ్ళ క్రితం ఆ కంపెనీకి ఒక పెద్ద పని వచ్చింది. పెద్ద వయసువాళ్ళకు నెలనెలా మందులు, ఆస్పత్రి చికిత్స ఇచ్చే కార్డులు ఒక ప్రభుత్వ శాఖ దగ్గర లక్షల్లో ఉన్నాయి. ఒకే మనిషి రెండు చోట్ల రెండు కార్డులు తీసుకుని ఉంటే వాటిని ఒకటి చెయ్యాలి. ఆధార్ జతపడిన కార్డులతో పేచీ లేదు. జతపడనివి పదకొండు లక్షలు మిగిలాయి. వాటిని పేరు, భర్త పేరో తండ్రి పేరో, ఊరు, పుట్టిన తేదీ చూసి తేల్చాలి.

అంతకు ముందు ఇంకొకరు రాసిన ప్రోగ్రాం ఒకే పెద్ద యంత్రం మీద పంతొమ్మిది రోజులు నడిచేది. చూసిన ప్రతి పేరునూ ఒక జాబితాలో గుర్తుపెట్టుకుంటూ, ఆ జాబితాను బట్టి తరువాతి పేరు తేల్చేది. మధ్యలో ఆగిందంటే మళ్ళీ మొదటినుంచే. కళైసెల్వి దాన్ని మొత్తం విప్పేసింది. దగ్గరగా వినిపించే పేర్లను కుప్పలుగా వేరుచేసి, కుప్పలోని పేర్లను జతలుగా పెట్టి, ఒక్కో జతను చూడటానికి నలభై ఒక్క వరసల చిన్న ఫంక్షన్ రాసింది. రెండు కార్డుల వివరాలు దానికి ఇస్తే అది ఒక అంకె ఇస్తుంది. నూరంటే ఇద్దరూ ఒకరే, సున్నా అంటే సంబంధమే లేదు. అంతకు మించి అది ఏమీ చెయ్యదు. ఎక్కడా రాసుకోదు, ఎవరినీ అడగదు, ఇందాక ఏం చూసిందో దానికి గుర్తుండదు. ఇలాంటివాటిని ఆ వృత్తిలో ప్యూర్ ఫంక్షన్లు అంటారు. ఒకదాని జవాబు కోసం ఇంకొకటి ఆగక్కర్లేదు కనుక, క్లౌడ్‌లో అద్దెకు దొరికే యంత్రాల మీద అదే ఫంక్షన్‌ను ఒకేసారి ఎనిమిది వేల చోట్ల నడిపించవచ్చు. ఒకటి ఆగిపోతే దాని ఒక్కదాన్నే మళ్ళీ నడిపిస్తే చాలు. పంతొమ్మిది రోజుల పని ముప్పై ఒక్క నిమిషాల్లో అయిపోయింది.

ఆ నెల ఊరికి వెళ్ళినప్పుడు బాయత్త, ఏం పని చేస్తుండావని అడిగింది. కళైసెల్వి తనకు తోచినట్టు చెప్పింది. వెయ్యిమంది కూలోళ్ళను ఒకేసారి పత్తి ఏరేదానికి దింపినట్టు అని, ఎవరి చేతిలోది వాళ్ళు చూసి మంచిదో చెడ్డదో చెప్పి పొయ్యేదే అని, ఒకరితో ఒకరికి మాట లేదు కాబట్టి పని బిరబిరా అవుతుందని చెప్పింది. పత్తి సంగతి తెలిసిన మిల్లత్త గడప మీద కూర్చుని వింటూ ఉంది.

"మాట్లాడకపోతే ఎట్ల పాపా?" అంది. "తెలియంది పక్కామెనే కదా అడిగేది."

కళైసెల్వి నవ్వేసింది.

మొదట ఆమె వేసిన పథకంలో మూడు రకాల జవాబులుండేవి. తొంభై ఐదు దాటితే ఒకరే. డెబ్బైకి తక్కువైతే వేరు. మధ్యలో పడినవి తేలలేదని రాసి, శాఖవాళ్ళు మనిషిని పంపి ఇంటికెళ్ళి చూడాలి. శాఖవాళ్ళు అందుకు ఒప్పుకోలేదు. ఊరూరూ తిరగడానికి తమ దగ్గర మనుషులు లేరన్నారు. అవును, కాదు, రెండే ఉండాలి, గీత ఎక్కడ గీయాలో మీరే చెప్పండన్నారు. గణేశన్ ఆమె వైపు చూశాడు. పని అప్పగించవలసిన తేదీ వారంలో ఉంది. పరీక్షకు తీసిన రెండు వేల జతల్లో, తొంభై దగ్గర గీత గీస్తే మూడే తప్పులు వచ్చాయి. ఆ రెండు వేలూ మదురై, కోయంబత్తూరు పట్టణాల వీధుల నుంచి తీసినవి. ఆమె "తొంభై" అంది. తరువాత ఇదంతా నాకు చెప్పినప్పుడు, మదురైలో ఆమెతో చదువుకున్న నేను, ఎంత సేపు ఆలోచించి చెప్పావని అడిగాను. టీ చల్లారేంత కూడా లేదంది.

ఐదు నెలల తరువాత ఒక శనివారం బాయత్త ఫోన్ చేసింది. మిల్లక్క అట్టై పని చేయలేదంట, ఆస్పత్రిలో మిషన్‌లో పెడితే నా ఫోటో వస్తా ఉండాదంట, అని నవ్వుతూ చెప్పింది. కార్డును వాళ్ళు తమిళంలో అట్టై అనే అంటారు. ఆమెకది తమాషాగా తోచింది. కళైసెల్వి మాత్రం ఇద్దరి కార్డుల మీదా ఉన్నవి అడిగి రాసుకుంది.

సోమవారం ఆఫీసుకు వెళ్ళి, పరీక్ష కోసం తమ దగ్గర ఉంచుకున్న ఫంక్షన్‌కు అత్తలిద్దరి వివరాలూ చేత్తో కొట్టి ఇచ్చింది. పేరు ఒకదానిలో అంజలమ్మ, ఇంకొకదానిలో అంజలమ్మాళ్. అదొక్కటే తేడా. తొంభై మూడు వచ్చింది. మళ్ళీ నడిపించింది. మళ్ళీ తొంభై మూడే. అదే ఇస్తే అదే వస్తుంది. ఎన్నిసార్లు అడిగినా మాట మారదన్నదే దాని గొప్ప అని శాఖవాళ్ళ ముందు చెప్పింది ఆమే.

గణేశన్ తలుపు వేసి విన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు.

"చేతికి ఇచ్చేసినాం మా," అన్నాడు. "ఇప్పుడు చూసుకునేది వేరే కంపెనీ. ఒక్క వరస మార్చాలన్నా మొత్తం మళ్ళీ పరీక్ష చెయ్యల్ల. ఇద్దరి కోసం ఎవురు చేస్తారు?"

"ఇద్దరే అని ఎట్ల చెప్తారు సార్?"

ఆయన కంప్యూటరు తన వైపు తిప్పుకున్నాడు. ఆమె కోసం శాఖకు ఒక మెయిల్ మాత్రం రాశాడు. ఫిర్యాదు ఉన్నవాళ్ళు ఇ-సేవ కేంద్రంలో కొత్తగా దరఖాస్తు పెట్టుకోవచ్చని జవాబు వచ్చింది.

ఆ ఊరికి దగ్గరి ఇ-సేవ కేంద్రం ఇరుళప్పన్‌ది. మిల్లత్తకు ఎదురు కుర్చీ వేసి, అడగకుండానే నీళ్ళిచ్చే మనిషి. దరఖాస్తు నింపి పంపాడు. ఈ మనిషికి ముందే కార్డు ఉంది అని నాలుగు సెకన్లలో తిరిగొచ్చింది. కొత్త దరఖాస్తులను పాత కార్డులతో పోల్చేది కూడా ఆ నలభై ఒక్క వరసలేనని అతనికి తెలియదు. పక్కనే నిలబడిన కళైసెల్వికి తెలుసు.

దారి చూపింది బాయత్తే. రెండు కార్డులూ ఒకటైనప్పుడు రెండు జబ్బులూ ఒకే కార్డులోకి చేరాయి. బాయత్త తన చక్కెర మాత్రలు తీసుకోబోతే, కౌంటరు దగ్గర మిల్లత్త పీల్చే మందు కూడా చేతిలో పెట్టారు. ఆమె మారుమాట లేకుండా తీసుకుని ఇంటికొచ్చి మిల్లత్తకిచ్చింది. అప్పటినుంచి నెలకోసారి ఇద్దరి మందులూ ఆమే తెచ్చేది. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి, ఊపిరి బాగానే ఉందే అంటే, మీ మందు మహిమే సార్ అనేదట. పదకొండు నెలలు అలా గడిచాయి. కళైసెల్వి కూడా ఊపిరి పీల్చుకుంది. ఇక దాని గురించి ఆలోచించక్కర్లేదని తనకు తాను నచ్చజెప్పుకుంది. ఆ పదకొండు నెలల్లో తను ఒక్క ఉత్తరం కూడా రాయలేదని చెప్పేటప్పుడు ఆమె నా మొహం చూడలేదు.

ఆ ఎండాకాలం, తమిళుల చిత్తిరై నెలలో, బాయత్త స్నానానికి వెళ్ళి పడిపోయింది. మదురై తీసుకెళ్ళేలోపే పోయింది. కొడుకు అవినాశి నుంచి వచ్చి చెయ్యవలసినవన్నీ చేశాడు. మరణం నమోదు చేయించాడు. కార్డు వెనక్కిచ్చి సంతకం పెట్టాడు. అలా చేశాడని అతన్ని ఎవరూ తప్పుపట్టలేరు.

మిల్లత్తకు మందు ఆగిపోయింది. మందు కోసం అయితే కళైసెల్వి ఉంది. కోయంబత్తూరులో కొని నెలనెలా తీసుకెళ్ళేది. కాని ఆ ఛాతీకి పీల్చే మందు ఒక్కటే చాలదు. వానలు పడ్డప్పుడల్లా ఒకటి రెండు రోజులు ఆస్పత్రిలో ఆవిరి మందు పట్టాలి, ఆక్సిజన్ పెట్టాలి. కార్డుంటే నేరుగా మంచం మీదికే. అందుకని ఇంకొకసారి దరఖాస్తు పెట్టారు. ఈసారి వచ్చిన జవాబు వేరు. ఈ మనిషి మరణించినట్టు నమోదైంది.

అయినా మిల్లత్త, బాయత్త పోయిన నాలుగు నెలలకు, ఆవణి నెలలో ఆయాసం ఎక్కువై, పక్కింటి పళనియమ్మాళ్‌ను తోడు తీసుకుని తిరుమంగళంలో తనకు మొదటినుంచీ మందులిచ్చే ఆస్పత్రికి వెళ్ళింది. కౌంటరులో ఉన్న పిల్ల కొత్తది. పాత కార్డు మిషన్‌లో పెట్టి చూసి, అవ్వా అన్నట్టు పాట్టీ అని పిలిచి, మీరు చనిపోయారని ఉంది అంది. వేళాకోళం చెయ్యాలని అన్నది కాదు. వెనక వరసలో ఎవరో నవ్వారు, ఇంకొకరు, చూస్తే బాగానే ఉందే అన్నారు. మిల్లత్త కార్డు తీసుకుని పక్కకు జరిగింది. కార్డు లేకపోయినా లోపల డాక్టరు చూసేవాడే. పళనియమ్మాళ్ ఎంత చెప్పినా ఆమె లోపలికి వెళ్ళలేదు. బస్సెక్కి ఇంటికొచ్చేసింది.

కళైసెల్వి మరుసటి ఆదివారం వెళ్ళి బతిమాలింది. మదురై తీసుకెళ్తానంది, కోయంబత్తూరుకు తనతో వచ్చి ఉండమంది. మిల్లత్త వద్దంది. నలభై ఏళ్ళు మిల్లులో ఎవరిచేతా ఒక మాట పడని మనిషి. ఆ వరసలో నిలబడ్డప్పుడు తలెత్తలేకపోయానంది. అప్పుడు కళైసెల్వి, ఇన్నాళ్ళూ దాచిన మాట చెప్పేసింది.

"అత్తా, ఆ పోగ్రాం రాసింది నేనే. తొంభై అని చెప్పింది నేనే."

మిల్లత్త మందు ఒకసారి పీల్చి పక్కన పెట్టింది. ఊపిరి ఈల మాత్రం వినపడుతూ ఉంది.

"నువ్వు నన్ను చూసి రాసినావా?" అంది.

"లేదత్తా."

"చూడకుండా రాసేదే మీ పనా?"

కళైసెల్వి అవునంది. మిల్లత్త తల ఆడించింది. కోపం లేదు. క్షమించానని కూడా అనలేదు. పొద్దుపోతా ఉండాది, బస్సుకు పో అంది.

ఆ తరువాత కళైసెల్వి చెయ్యగలిగినవన్నీ చేసింది. శాఖకు పదకొండు ఉత్తరాలు రాసింది. జిల్లా కార్యాలయంలో ఒక అధికారి ఓపిగ్గా విని, మీరు చెప్పేది నిజమే కావచ్చు, కాని కంప్యూటర్ జవాబును మార్చే అధికారం నాకు ఇవ్వలేదు అన్నాడు. ఇప్పుడు చూసుకుంటున్న కంపెనీలో ఒక ఇంజనీరును పట్టుకుని, ఏ వరసలు మార్చాలో రాసిచ్చింది. ఇరవై నిమిషాల పని. పై నుంచి ఆర్డరు వస్తే చేస్తానన్నాడు. తొంభైకీ తొంభై ఐదుకూ మధ్య ఎన్ని జతలు పడి ఉంటాయో పాత పరీక్ష కాగితాల నుంచి లెక్కగట్టింది. తాతల పేర్లు మనవళ్ళకు, నానమ్మల పేర్లు మనవరాళ్ళకు పెట్టే ఊళ్ళు ఒక్క ఆ జిల్లాలోనే ఎన్ని ఉన్నాయో ఆమెకు తెలుసు. వచ్చిన అంకె నాకు చెప్పలేదు. రెండుసార్లు అడిగాను.

ఐప్పసి నెలలో వానలు పట్టుకున్నాయి. నాలుగో రోజు పొద్దున మిల్లత్త గుమ్మంలో కూర్చుని, గోడకు ఆనుకుని ఉండగా పళనియమ్మాళ్ చూసింది. పీల్చే మందు చేతిలోనే ఉంది, అందులో ఇంకా సగం మిగిలి ఉంది. ఆటో వచ్చేసరికే అయిపోయింది.

కళైసెల్వి కోయంబత్తూరు నుంచి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మిల్లత్తకు పిల్లలు లేరు కనుక బాయత్త కొడుకే కొరివి పెట్టాడు. ఆరు నెలల్లో ఇద్దరు అంజలమ్మలకూ అతనే. ఊళ్ళో ఎవరూ కళైసెల్విని ఒక్క మాట అనలేదు. ఆమె చేసిన పనేమిటో వాళ్ళకు తెలియదు. తెలిసిన ఒక్క మనిషీ పోయింది.

ఉద్యోగం మానేస్తుందనుకున్నాను. మానలేదు. మానేస్తే ఇంకొకరు వచ్చి ఇంకా తొందరగా "తొంభై" అంటారంది. ఈ ఏడాది ఆమె చేతికి అలాంటిదే ఇంకొక పని వచ్చింది. ఈసారి రేషన్ కార్డులు. మూడో జవాబు లేకపోతే చెయ్యనని గణేశన్‌తో చెప్పింది. ఆయన వాదించలేదు. శాఖవాళ్ళు జవాబుల పట్టికలో "తేలలేదు" అని ఒక గడి పెట్టుకోనిచ్చారు. అందులో పడినవాళ్ళ కార్డులు ఆరు నెలలు ఆపకూడదని కూడా ఒప్పుకున్నారు. ఆ గడి చూడటానికి మాత్రం ఎవరినీ వెయ్యలేదు. ఆరు నెలల తరువాత ఏం చెయ్యాలో ఎక్కడా రాయలేదు.

మొదటిసారి నడిపినప్పుడు నలభై నిమిషాల్లో ఆ గడిలో పద్దెనిమిది వేల ఆరువందల జతలు చేరాయి. కళైసెల్వి శనివారాలు ఆఫీసుకు వెళ్ళి వాటిని తనే చూస్తోంది. ఫోన్ నంబరు ఉన్నవాళ్ళకు ఫోన్ చేసి, నానమ్మ పేరేమిటి, ఇంటి పక్కన ఏముంది, ఊళ్ళో మిమ్మల్ని ఏమని పిలుస్తారు అని అడుగుతుంది. రోజంతా కూర్చుంటే ముప్పై తేలతాయి. చాలా నంబర్లు మోగవు. మోగినచోట కొందరు మోసగాళ్ళ ఫోన్ అనుకుని పెట్టేస్తారు. ఆరు నెలల్లో ఎన్ని శనివారాలుంటాయో ఆమెకు బాగా తెలుసు.

పోయిన శనివారం నేను వెళ్ళేసరికి ఇరవై రెండోది చూస్తోంది. ఇద్దరు మూకాయిలు, ఇద్దరి భర్తలూ అయ్యప్పన్‌లే, ఒకే ఊరు. మొదటి నంబరు ఇప్పుడు వాడుకలో లేదని తమిళంలో వినిపించింది. రెండోది కొట్టి, ఫోన్ చెవికి పెట్టుకుని, నన్ను కూర్చోమని సైగ చేసింది. అది మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు.